మరునాడు



ఫిబ్రవరి నెల వస్తే మా పిడుగురాళ్ల పరిసరాలు రెండు రంగుల్లో కనిపిస్తాయి. రహదారి పక్కన సున్నపు బట్టీల తెలుపు, పొలాల వైపు తిరిగితే కల్లాల్లో ఆరబోసిన మిరప ఎరుపు. పత్తి చివరి తీతలు, మిరప కోతలు, కూలీల కొరత, ధర ఎలా పలుకుతుందోనన్న దిగులు అన్నీ ఒకేసారి వచ్చే రోజులివి. ఆ హడావుడిలోనూ ఒక పూట పని మానుకొని విజయవాడ గుణదల కొండకు వెళ్ళివచ్చేవారు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు. అక్కడ మరియమాత స్వరూపాన్ని 1924లో ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలకు కులమతాల పట్టింపు లేకుండా లక్షల మంది వస్తారు. వారిలో అధిక భాగం జబ్బు మొక్కులే.

ఫిబ్రవరి 11 లౌర్దుమాత పండుగ. అదే రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటించాలని రెండవ జాన్‌పాల్ పోపుగారు 1992లో నిర్ణయించారు. 1993 నుంచి కతోలిక దేవాలయాలన్నిటిలో ఆ రోజున రోగుల కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నారు.

ఈ బ్లాగులో రక్తపోటు, మధుమేహం, సున్నపు ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల ఇబ్బందుల గురించి రాశాను గాని, నా విశ్వాసం గురించి ఎన్నడూ రాయలేదు. వైద్యుని గదిలోకి వచ్చిన రోగికి వైద్యుని మతంతో పని లేదన్నది నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అయితే కతోలిక కుటుంబంలో పుట్టి, ప్రతి ఆదివారం దివ్య బలిపూజలో పాల్గొంటూ, ముప్పై ఏళ్ళకు పైగా వైద్యం చేసిన నేను నా విశ్వాసం నాకు నేర్పబోయిన ఒక వైద్య పాఠాన్ని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యానికి ఒక మనిషి మూల్యం చెల్లించాడు. ఈ వ్యాసం అందుకే.

ఇద్దరు రోగులు

1997-98 నాటి సంగతి. పత్తి పంట దెబ్బతిని తెలుగు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యల వార్తలు రోజూ వినవలసి వచ్చిన కాలం. పిడుగురాళ్లలో నేను ఒక చిన్న ఆస్పత్రి నడుపుతున్నాను. “మందు తాగాడండీ” అంటూ ట్రాక్టరులోనో ఆటోలోనో మోసుకువచ్చేవారు. మా ప్రాంతంలో ప్రాణం పోసేదీ మందే, ప్రాణం తీసేదీ మందే. మాటలో తేడా లేదు. (రోగుల గుర్తింపు తెలియకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

మొదటి మనిషి కౌలురైతు, హిందువు. పత్తిచేనులో కొట్టే పురుగుమందు తాగాడు. నోటి నుంచి నురగ, కంటిపాపలు సూదిమొనల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. కడుపు శుభ్రం చేసి, అట్రోపిన్ ఇస్తూ రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకొని ఉన్నాం. బతికాడు. ఎనిమిదో రోజున ఇంటికి పంపుతున్నాను. అతని వెంట వాళ్ళ ఊరికి దగ్గరలో చిన్న డిస్పెన్సరీ నడిపే ఒక కన్యాస్త్రీ వచ్చారు. ఆమె నర్సు. ఆ చుట్టుపక్కల అందరికీ సిస్టరమ్మ.

“డాక్టరుగారూ, ఇతను మళ్ళీ ఎప్పుడు రావాలండీ?” అని అడిగారు.

“రావలసిన పని లేదు సిస్టర్, పూర్తిగా తగ్గిపోయింది” అన్నాను.

“విషం తగ్గిందండీ. అప్పు తగ్గలేదు. ఇంట్లో ఇంకో డబ్బా కూడా ఉందట” అన్నారామె.

నాకు కొంచెం చిరాకు కలిగింది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. ఆ డబ్బా సంగతి నాకెందుకు అనుకున్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. మరునాడు ఆ రైతు ఇంటికి వెళ్ళి, డబ్బా తీయించి, మఠం కొట్టుగదిలో పెట్టి తాళం వేశారు. తర్వాత వారానికొకసారి వెళ్ళి అరుగు మీద కూర్చొని అతని చేత మాట్లాడించేవారు. అతని భార్యతో విడిగా మాట్లాడేవారు. బడి మానేసిన పిల్లలిద్దరినీ మఠం బడిలో చేర్చుకున్నారు. మతం మారమని ఎవరూ అడగలేదు, అతను మారలేదు. ఆ రైతు ఇప్పటికీ ఉన్నాడు, మనవలతో.

రెండో మనిషి మా విచారణకు చెందినవాడే. అదే ఏడు, అదే విషం, అదే వైద్యం. అతనూ బతికాడు. అతన్నీ ఎనిమిదో రోజుననే పంపాను. అతనికి మాత్రం వెంట ఏ సిస్టరమ్మా లేరు. ఆ వచ్చిన ఆదివారం పూజలో అతను నాకు రెండు వరుసల ముందు కూర్చున్నాడు. ఒకరికొకరు సమాధానం చెప్పుకొనే వేళ వెనక్కు తిరిగి, చేతులు జోడించి నావైపు చూశాడు. నేనూ చేతులు జోడించాను. పూజ ముగిశాక ఆస్పత్రిలో పని ఉందని త్వరగా వెళ్ళిపోయాను. మూడు వారాల తర్వాత అతన్ని మళ్ళీ తెచ్చారు. ఈసారి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మీకు సమాధానం కలుగుగాక అని ప్రతి ఆదివారం చెప్పుకొనే మేము, సమాధానం లేక కుమిలిపోతున్న మనిషిని రెండు వరుసల దూరంలో పెట్టుకొని కూడా గుర్తించలేకపోయాం. “మేము” అని రాశాను. “నేను” అని రాయాలి. అతనికి జరిగిందేమిటో ఆ దేవాలయంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే.

సమరయుడు మళ్ళీ వస్తానన్నాడు

అంత్యక్రియలకు గురువుగారు వస్తారో రారో అని ఆ కుటుంబం భయపడింది. అది ఊరికే పుట్టిన భయం కాదు. 1917 నాటి శ్రీసభ చట్టం బుద్ధిపూర్వకంగా ఆత్మహత్య చేసుకున్నవారికి దేవాలయ మర్యాదలతో సమాధిని నిరాకరించింది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అటువంటివారి రక్షణ విషయంలో నిరాశ చెందరాదని, వారి కోసం ప్రార్థించాలని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. కానీ చట్టం మారినంత త్వరగా పల్లెల్లో భయం పోలేదు. మా గురువుగారు వచ్చారు. పూజ చేశారు. ప్రసంగంలో మంచి సమరయుని కథ చెప్పారు.

ఆ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్ళే దారిలో ఒక బాటసారిని దొంగలు కొట్టి పడవేస్తారు. ఒక యాజకుడు, ఒక లేవీయుడు చూసి కూడా పక్కగా తప్పుకొని వెళతారు. పరాయివాడైన సమరయుడు ఆగి, గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి, కట్లు కట్టి, తన వాహనం మీద సత్రానికి చేరుస్తాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. ప్రథమ చికిత్సకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదని నేనే ఎన్నో సభల్లో చెప్పాను.

అయితే కథ అక్కడితో ముగియదు. ఆ రోజు మాత్రమే నాకు వినిపించిన మాట ‘మరునాడు’. మరునాడు సమరయుడు సత్రం యజమానికి రెండు వెండి నాణేలు ఇచ్చి, ఇతన్ని చూసుకోమని అప్పగిస్తాడు. ఇంకా ఖర్చయితే తాను తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానంటాడు. అంటే మళ్ళీ వస్తాడు. గాయం కట్టినవాడు నేను. సత్రం వెతికినవారు, మళ్ళీ వచ్చినవారు సిస్టరమ్మ.

గుంటూరుకు వచ్చిన వైద్యురాలు

ఈ ‘మరునాటి వైద్యం’ మా ప్రాంతానికి కొత్తది కాదు. పిడుగురాళ్లకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంటూరులో దానికి నూరేళ్ళ చరిత్ర ఉంది. లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి స్త్రీల వైద్యానికి పునాది వేశారు. కుగ్లర్ ఆస్పత్రి పేరు వినని పాతతరం వారు ఉండరు. కతోలికుల వైపు నుంచి నెదర్లాండ్స్‌కు చెందిన యేసు మరియ జోజప్ప సభ కన్యాస్త్రీలు 1904లో వచ్చి చదువు, వైద్యం మొదలుపెట్టారు. వారిలో చేరడానికి 1920 ఫిబ్రవరి 12న ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ గుంటూరు చేరుకున్నారు.

ఆమె 1887లో విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా, 1919లో ఎం.డి. పొందారు. మెల్బోర్న్ నగరంలో మంచి ప్రాక్టీసు ఉండేది. 1915లో, స్కాట్లాండుకు చెందిన డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ జీవితం మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం చదివారు. పురుష వైద్యుని వద్దకు వెళ్ళే ఆచారం లేక భారతదేశంలో స్త్రీలు, పసిబిడ్డలు ఎలా చనిపోతున్నారో అందులో ఉంది. తన పని ఎక్కడో ఆమెకు తెలిసింది.

ఇక్కడ వైద్యులు గమనించవలసిన చిత్రమైన సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో శ్రీసభ నియమాలు కన్యాస్త్రీలను వైద్యవృత్తి చేయనిచ్చేవి కావు. ప్రసూతి వైద్యం సంగతి చెప్పనే అక్కరలేదు. డాక్టర్ గ్లౌరీ కన్యాస్త్రీగా ఉంటూ వైద్యం చేయడానికి రోము నుంచి ప్రత్యేకంగా అనుమతి రావలసి వచ్చింది. కన్యాస్త్రీలు ప్రసూతి వైద్యంతో సహా వైద్యం నేర్చుకోవచ్చునని, చేయవచ్చునని రోము అందరికీ వర్తించేలా ప్రకటించింది 1936లో. రోగి అవసరం ముందు నియమం మారింది. మారే వరకు అడుగుతూనే ఉన్నవారు ఉన్నారు కనుక మారింది.

యేసు తిరుహృదయ మేరీ అన్న మఠనామంతో ఆమె గుంటూరులో చేసిన పనిని గురించి చెప్పేటప్పుడు అందరూ లక్షల సంఖ్యలో చూసిన రోగుల గురించి చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది వేరు. ఒక్క వైద్యురాలు ఇన్ని గ్రామాలకు చాలదని ఆమె మొదట్లోనే గ్రహించారు. స్థానిక యువతులకు నర్సింగు, మందులు కలిపి ఇవ్వడం, కాన్పు చేయడం నేర్పారు. తాను వెళ్ళలేని ఇంటికి వెళ్ళగలిగే మనిషిని తయారు చేశారు. సత్రం యజమానిని వెతకడమంటే ఇదే కదా! చిన్న డిస్పెన్సరీగా మొదలైన పని సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిగా ఎదిగింది. ఆ ఆస్పత్రి నేటికీ గుంటూరులో ఉంది. దేశంలోని కతోలిక వైద్యసంస్థలన్నీ ఒకరికొకరు అండగా ఉండాలని 1943లో ఆమె కొద్దిమంది కన్యాస్త్రీలతో స్థాపించిన సంఘం నేడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తోంది.

ఆమె మళ్ళీ తన దేశానికి వెళ్ళి స్థిరపడలేదు. 37 ఏళ్ళు ఇక్కడే గడిపి, 1957 మే 5న బెంగుళూరులో క్యాన్సర్‌తో మరణించారు. చివరి కాలంలో తీవ్రమైన నొప్పిని అనుభవించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. మా సిస్టరమ్మకు డబ్బా తీయించమని ఏ గ్రంథమూ చెప్పలేదు. గుంటూరు మఠాల్లో నర్సులకు చదువుతో పాటు వచ్చిన అలవాటు అది.

నూనె ఎప్పుడు పూయాలి?

ఆరాధన గురించి కూడా ఒక మాట. కతోలికుల్లో రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే దివ్య సంస్కారం ఉంది. మా పెద్దలు దాన్ని అవస్థాభ్యంగనం అనేవారు. చావు ఖాయమయ్యాకే గురువును పిలిచేవారు. అందుచేత ఇంట్లోకి గురువు వస్తున్నాడంటేనే రోగి గుండె జారిపోయేది. కొందరు “ఇప్పుడే పిలవకండి, భయపడతాడు” అని ఆపేవారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో దీన్ని సరిదిద్దింది. ఇది మరణశయ్య మీద ఉన్నవారికి మాత్రమే కాదని, జబ్బు వల్లనో వృద్ధాప్యం వల్లనో ప్రమాదం మొదలైనప్పుడే తగిన సమయమని చెప్పింది. ఇప్పుడు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటున్నాం. నుదుటి మీద, అరచేతుల మీద నూనె పూస్తారు.

వైద్యునిగా నాకు ఇందులో కనిపించేది ఇది: రోగిని తాకడానికి చివరి ఘడియ దాకా ఆగకూడదు. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం విషయంలోనూ మనవాళ్ళది పాత అవస్థాభ్యంగనం ధోరణే. ఇక ఏమీ చేయలేమన్నాక పిలుస్తారు. జబ్బు ముదిరిందని తెలిసిన రోజే పిలవాలి. అలాగే, పూజ తర్వాత మంచం పట్టినవారి ఇంటికి దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్ళే అలవాటు మా విచారణల్లో ఉంది. ఆ వెళ్ళేవారు పది నిమిషాలు కూర్చొని, పుండ్లు పడ్డాయా, మాత్రలు ఉన్నాయా, నిద్ర పడుతోందా అని అడిగితే అది పూజకు కొనసాగింపే అవుతుంది.

శాస్త్రం ఏమంటోంది?

రెండు కేసులతో శాస్త్రం సిద్ధించదని నాకు తెలుసు. కాబట్టి పెద్ద ఆధారాలు చెబుతాను. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1867 మందిని మన చెన్నైతో సహా ఐదు దేశాల కేంద్రాల్లో పరిశీలించిన ఫలితాలు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి అదనంగా ఒక గంట మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనులోనో ఇంటికి వెళ్ళో పలకరించారు. మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో మరణించారు. పలకరింపు పొందినవారిలో 0.2 శాతం మాత్రమే. మరునాటి వైద్యానికి ఇంతకంటె ఏం సాక్ష్యం కావాలి?

డబ్బా విషయంలోనూ సిస్టరమ్మదే సరైన తెలివి. శ్రీలంకలో 1995లో, 1998లో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక పదేళ్ళలో ఆత్మహత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. చావాలన్న ఆవేశం చాలాసార్లు కొద్ది గడియలే ఉంటుంది. ఆ గడియల్లో చేతికి విషం అందకపోతే మనిషి దక్కుతాడు.

మీరు చేయవలసినవి

పురుగుమందు తాగినవారికి ఉప్పునీరు, సబ్బునీరు, పాలు, గుడ్లసొన తాగించి వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మందు ఒలికిన బట్టలు తీసివేసి, ఒంటిని నీటితో కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. ఎడమ పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తాగిన మందు డబ్బాను ఆస్పత్రికి తప్పక తీసుకురండి.

గడ్డిమందు తాగినవారు మొదట బాగానే కనిపించవచ్చు. నమ్మకండి. అలాగే పురుగుమందు నుంచి తేరుకున్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, ఊపిరి కండరాలు బలహీనపడడం జరగవచ్చు. డాక్టరు పంపకముందే ఇంటికి తీసుకుపోకండి. విషానికి కూడా మరునాడు ఉంటుంది.

ఇంటికి వచ్చాక మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. “మళ్ళీ చనిపోవాలనిపిస్తోందా?” అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. కేసు అవుతుందన్న భయంతో వైద్యం ఆపకండి. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి సంరక్షణ అందించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

చివరిగా

రెండో మనిషి ఇంటికి నేను వెళ్ళాను. ఎప్పుడో తెలుసా? అతను పోయిన రెండేళ్ళకు. వెళ్ళడానికి అంతకాలం ధైర్యం చాలలేదు. అతని భార్య నన్ను నిందించలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, “ఆయన మీ గురించి బాగా చెప్పేవారండీ, ప్రాణం పోశారని” అన్నది. ఆ మాట కంటే నింద తేలికగా ఉండేది.

ఆ రోజు నుంచి విషం తాగి బతికిన ప్రతి రోగి పేరూ ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. పేరు పక్కన మళ్ళీ పలకరించవలసిన తేదీ. వైద్యం మానివేసినా ఆ పుస్తకం మానలేదు. సిస్టరమ్మ ఇప్పుడు లేరు. ఆమె దగ్గర నేర్చుకున్న ఇద్దరు నర్సులు, మా విచారణ యువకులు కొందరు నాతో వస్తారు. అందరినీ కాపాడగలిగామని చెప్పలేను. వెళ్ళని ఇల్లు లేదని మాత్రం చెప్పగలను.

మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా, మీ బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో ఇటీవల ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చినవారు ఒకరుంటారు. మొదటిరోజు అందరూ పండ్లు పట్టుకొని వెళ్ళి ఉంటారు, మీరూ వెళ్ళే ఉంటారు. ఈ వారం మరోసారి వెళ్ళండి.

ఆరోగ్యమస్తు.